చిన్న దేశాల చారిత్రక నవలలు చదవడం ఎలా: పర్లాకిమిడి నుంచి ఒక దారి

మా ఇంట్లో ఒక రేకు పెట్టె ఉంది. అందులో తాతయ్య దాచిన భూమి కాగితాలు ఉంటాయి. అన్నిటికంటే పాతది తెలుగులో ఉంది, సిరా వెలిసిపోయింది, పైన ఇంగ్లీషు ముద్ర. మద్రాసు ప్రెసిడెన్సీ నాటిది. తర్వాతవన్నీ ఒడియాలో. పొలం చెక్క అదే, గట్టు మీద తాడిచెట్లు అవే. మా నానమ్మ పేరు మాత్రం మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంది. ఇంటిపేరు ఒకదానిలో పేరు చివరికి వెళ్ళింది, ఇంకోదానిలో అసలు లేదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే ప్రావిన్సు అయినప్పుడు పర్లాకిమిడి ఎస్టేటు రెండుగా చీలింది. ఊరు ఒరిస్సాకి వచ్చింది, కూతవేటు దూరంలో ఉన్న పాతపట్నం మద్రాసులో ఉండిపోయింది. ఈ ఊళ్ళో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి, సవర భాష నేర్చుకుని, వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు ఆ ఏడాదే రాజమండ్రి వెళ్ళిపోయారు. మా పెద్దవాళ్ళు మాత్రం ఉన్నచోటే ఉన్నారు. వాళ్ళు కదలకుండానే సరిహద్దు వచ్చి ఇంటి పక్కన కూర్చుంది.

ఇలాంటి చోట పెరిగినవాళ్ళకి చిన్న దేశాల చారిత్రక నవలలు చాలా లోతుగా తగులుతాయి. ఎంత చిన్న దేశాలంటే, ఎస్టోనియా జనాభా దాదాపు 13 లక్షలు. 2011 లెక్కల ప్రకారం ఒక్క గంజాం జిల్లాలోనే 35 లక్షల పైచిలుకు ఉన్నాం. ఐస్‌లాండ్ మొత్తం కలిపితే మన గజపతి జిల్లా కంటే తక్కువ. అంత తక్కువమంది మాట్లాడే భాషల్లో ప్రపంచం తలెత్తి చూసిన నవలలు వచ్చాయి. అయితే ఉత్సాహంగా మొదలుపెట్టి, పేర్లు నోరు తిరగక, రాజులెవరో అర్థం కాక, నలభయ్యో పేజీ దగ్గర ఆపేసేవాళ్ళు ఎక్కువ. మొదటిసారి నేనూ అక్కడే ఆపేశాను. రెండోసారి ఎలా పూర్తిచేశానో, ఆదివారం సాయంత్రాలు కలిసే మా ఆరుగురం ఇప్పుడు ఎలా చదువుతున్నామో వరసగా చెబుతాను.

ముందు ఏ పుస్తకం పట్టుకోవాలి

ఇవో ఆండ్రిచ్ రాసిన ‘ద బ్రిడ్జ్ ఆన్ ద డ్రీనా’తో మొదలుపెట్టండి. ఇంకో మాట లేదు. 1945లో వచ్చింది, 1961లో ఆయనకి నోబెల్ బహుమతి తెచ్చిన పుస్తకాల్లో ముఖ్యమైనది. బోస్నియాలో విషెగ్రాడ్ అనే చిన్న ఊరు, డ్రీనా నది మీద పదకొండు కమానుల రాతి వంతెన. 1571 నుంచి 1577 దాకా కట్టారు. ఆ వంతెన మీదుగా దాదాపు నాలుగు వందల ఏళ్ళ జీవితం నడుస్తుంది. నవల 1914లో ఆగుతుంది.

దీన్నే మొదట ఎందుకు పట్టుకోమంటున్నానంటే, ఇందులో ఒకే కథానాయకుడి వెంట పరుగెత్తక్కర్లేదు. 24 అధ్యాయాలు. చాలావరకు ఒక్కో అధ్యాయం ఒక్కో కథలా నిలబడుతుంది. రోజుకి ఒకటి చొప్పున నెలలోపే అయిపోతుంది. మధ్యలో రెండు రోజులు పెళ్ళికి వెళ్ళొచ్చినా దారి తప్పరు. పైగా మనకి అలవాటైన దృశ్యం ఒకటి ఇందులో ఉంది. వంతెన మధ్యలో రెండు పక్కలా వెడల్పు చేసి కట్టిన చోటుని కాపియా అంటారు. ఒక పక్క కూర్చోవడానికి రాతి అరుగులు, ఇంకో పక్క కాఫీ కాచేవాడు. ఊరి పంచాయితీలు, బేరాలు, ప్రేమలు అన్నీ అక్కడే. ఊరి రచ్చబండని నది మీదికి ఎత్తుకెళ్ళి పెట్టినట్టు ఉంటుంది.

రెండోది యాన్ క్రోస్ రాసిన ఎస్టోనియన్ నవల ‘ద జార్స్ మ్యాడ్‌మన్’. మూడోది ఐస్‌లాండ్ నుంచి హాల్డోర్ లాక్స్‌నెస్ రాసిన ‘ఐస్‌లాండ్స్ బెల్’. నాలుగోది అల్బేనియా నుంచి ఇస్మాయిల్ కాదరే రాసిన ‘ద సీజ్’. ఈ వరస మార్చకండి. లాక్స్‌నెస్‌తో మొదలుపెట్టిన మా మిత్రుడు ఒకాయన మొదటి భాగం దాటలేకపోయారు. డ్రీనా వంతెన దాటాక అదే పుస్తకం ఆయనకి ఇష్టమైంది.

పుస్తకం తెరవకముందు మూడు సంవత్సరాలు రాసుకోండి

ఒక లాంగ్‌బుక్ కొనండి. మొదటి పేజీలో మూడు అంకెలు రాయండి: కథ జరిగిన కాలం, రచయిత రాసిన కాలం, మీ చేతిలో ఉన్న అనువాదం వచ్చిన కాలం. చూడ్డానికి చిన్న పనే, పుస్తకంలో సగం మాత్రం ఇక్కడే తెరుచుకుంటుంది.

క్రోస్ నవలనే తీసుకోండి. అప్పట్లో రష్యా ఏలుబడిలో ఉన్న ఎస్టోనియా నేల మీద టిమోతియస్ ఫాన్ బాక్ అనే జర్మన్ జమీందారు ఉండేవాడు. ఆయన 1818లో రష్యా చక్రవర్తి మొదటి అలెగ్జాండర్‌కి నిజాలన్నీ మొహం మీద చెబుతూ ఉత్తరం రాశాడు. చక్రవర్తి ఆయన్ని తొమ్మిదేళ్ళు కోటలో బంధించాడు. 1827లో వదిలేటప్పుడు పిచ్చివాడన్న ముద్ర వేసి ఇంటికి పంపారు. బాక్ నిజంగా ఉన్న మనిషి. ఇది కథాకాలం.

ఇప్పుడు రెండో అంకె చూడండి. నవల వచ్చింది 1978లో, ఎస్టోనియా సోవియట్ యూనియన్‌లో భాగంగా ఉన్నప్పుడు. అప్పటి ప్రభుత్వం ఎదురు మాట్లాడినవాళ్ళని మానసిక చికిత్సాలయాల్లో పెట్టేది. క్రోస్‌ని 1944లో జర్మన్లు, 1946లో సోవియట్లు అరెస్టు చేశారు. 1954 దాకా ఆయన శిబిరాల్లో, ప్రవాసంలో గడిపారు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చదివితే, పిచ్చివాడన్న మాట వచ్చిన ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది. నూట అరవై ఏళ్ళ కిందటి చక్రవర్తి గురించి రాస్తూ, తన గుమ్మం ముందు నిలబడ్డవాళ్ళ గురించి చెప్పాడాయన.

కాదరే ‘ద సీజ్’ మొదట 1970లో వచ్చింది. కథ పదిహేనో శతాబ్దంలో ఒట్టోమన్ (టర్కీ) సైన్యం ఒక అల్బేనియన్ కోటని ముట్టడించడం. అంతకు రెండేళ్ళ ముందే, 1968లో, అల్బేనియా సోవియట్ యూనియన్ నడిపే వార్సా కూటమి నుంచి బయటికొచ్చి ఒంటరిగా నిలబడింది. లాక్స్‌నెస్ మూడు భాగాలూ 1943 నుంచి 1946 మధ్య వచ్చాయి. ఆ మధ్యలోనే, 1944 జూన్ 17న, ఐస్‌లాండ్ డెన్మార్క్ నుంచి విడిపోయి రిపబ్లిక్ అయింది. ఆండ్రిచ్ అయితే జర్మన్లు ఆక్రమించుకున్న బెల్‌గ్రేడ్‌లో కూర్చుని రాశారు.

మూడో అంకె అనువాదానిది. ‘ద సీజ్’ ఇంగ్లీషు నేరుగా అల్బేనియన్ నుంచి వచ్చింది కాదు, ఫ్రెంచి అనువాదం నుంచి చేసినది. అంటే మన చేతికొచ్చేసరికి రెండు చేతులు మారింది. ఒక వాక్యం నచ్చకపోతే వెంటనే రచయితని తప్పుపట్టకుండా ఈ సంగతి గుర్తుంచుకోండి.

పేర్లు

టెన్షన్ పడేది ఇక్కడే. మూడు చిట్కాలు చాలు.

ఈ నాలుగు భాషల్లోనూ ఇంగ్లీషు అక్షరం ‘జె’ కనిపిస్తే ‘య’ అని చదవండి. జాన్ అని చదివినవాడు యాన్ అవుతాడు. పేరు నోటికి తిరిగితేనే మనసులో నిలుస్తుంది. అందుకే కొత్త పేరు రాగానే ఒకసారి పైకి అని, లాంగ్‌బుక్‌లో తెలుగులో రాసుకోండి. తెలుగు లిపిలో చూస్తే మనిషి కళ్ళముందుకొస్తాడు.

ఐస్‌లాండ్ వాళ్ళకి చాలామందికి ఇంటిపేర్లు ఉండవు, తండ్రి పేరే వెనక వస్తుంది. ‘ఐస్‌లాండ్స్ బెల్’లో యోన్ హ్రెగ్విద్‌సన్ అంటే హ్రెగ్విద్ కొడుకు యోన్. ఆ వెనక పేరుని ఇంటిపేరు అనుకుని చుట్టరికాలు కలపకండి.

మూడోది ఊళ్ళ పేర్లు. ఎస్టోనియన్లు టాలిన్ అనే ఊరిని జర్మన్లు రెవాల్ అనేవారు. టార్టు అన్నా డోర్పాట్ అన్నా ఒకటే. లాంగ్‌బుక్ చివరి పేజీలో గీత గీసి, ఒక పక్క ఒక పేరు, ఇంకో పక్క ఇంకో పేరు రాయండి. మనం తెలుగులో పర్లాకిమిడి అనే ఊరు ఒడియాలో పారళాఖెముండి. బరంపురం, బ్రహ్మపుర్ రెండూ ఒకటే. ఏ పేరు వాడారన్నదాన్నిబట్టి మాట్లాడేవాడు ఎటువైపువాడో మనకి ఇట్టే తెలుస్తుంది. అక్కడా అంతే. ఒక పాత్ర రెవాల్ అన్నప్పుడు అది ఊరి పేరు మాత్రమే కాదు, ఆ పాత్ర కూర్చున్న కుర్చీ కూడా.

డిక్షనరీ మాత్రం పక్కన పెట్టండి. డ్రీనా నవలలో వజీరు, పాషా, సరాయి, కసబా లాంటి మాటలు కనిపిస్తాయి. ఇవన్నీ మన పాత కాగితాల్లో, తెలుగు మాటల్లో తిరిగినవే. ఇంగ్లీషు పాఠకుడు అట్ట వెనక అర్థాలు వెతుక్కునే చోట మనం ఆగక్కర్లేదు.

ఎవరు ఎవరితో ఏ భాషలో మాట్లాడుతున్నారు

చదువుతున్నప్పుడు నేను పెన్సిల్‌తో ఎక్కువగా గుర్తుపెట్టేది ఇదే. క్రోస్ నవలలో జమీందారు పెళ్ళి చేసుకునేది ఈవా అనే ఎస్టోనియన్ రైతు పిల్లని. పెళ్ళికి ముందు ఆమెని, ఆమె తోబుట్టువు యాకబ్‌ని చదువుకి పంపుతాడు. కథంతా మనకి చెప్పేది ఆ యాకబే, రహస్యంగా రాసుకునే డైరీలో. జర్మన్ ఇంట్లో మెలిగే ఎస్టోనియన్. పైవాళ్ళ బల్ల దగ్గర కూర్చోగలడు గాని వాళ్ళవాడు కాలేడు, చదువుకున్నాక తనవాళ్ళలోకీ పూర్తిగా తిరిగి వెళ్ళలేడు. ఆఫీసులో ఒడియా, ఇంట్లో తెలుగు, అర్జీలో ఇంగ్లీషు వాడుతూ బతికే మన బరంపురం, రాయగడ, గుణుపురం మనుషులకి యాకబ్‌ని ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

అందుకని ప్రతి సంభాషణ దగ్గరా ఒక ప్రశ్న వేసుకోండి: ఈ మాట అసలు ఏ భాషలో అని ఉంటారు? అనువాదంలో అంతా ఇంగ్లీషులోనే కనిపిస్తుంది కాబట్టి ఈ తేడా మాయమైపోతుంది. రచయిత ఎక్కడో ఒక చిన్న గుర్తు వదులుతాడు. దాన్ని వెతికి పట్టుకుంటే ఆ గదిలో ఎవరిది పైచేయో తెలిసిపోతుంది.

నిజమెంత, కల్పనెంత

ఫోన్ తీసి ప్రతి సంఘటననీ వెతికే అలవాటు మొదటిసారి చదివేటప్పుడు వద్దు. కథ తెగిపోతుంది. మొదటిసారి మార్జిన్‌లో మూడు అక్షరాల్లో ఒకటి వేస్తూ వెళ్ళండి: కాగితం మీద ఉండే సంగతి అనిపిస్తే ‘క’, ఊళ్ళో చెప్పుకునేది అనిపిస్తే ‘ఊ’, రచయిత అల్లినది అనిపిస్తే ‘ర’. తప్పు వేసినా ఫర్వాలేదు, పుస్తకం అయ్యాక దిద్దుకోవచ్చు.

డ్రీనా నవల దీనికి మంచి అభ్యాసం. వంతెన కట్టించిన మెహ్మద్ పాషా సోకొలోవిచ్ చరిత్రలో ఉన్నాడు. చిన్నప్పుడు ఆ చుట్టుపక్కల ఒక క్రైస్తవ కుటుంబం నుంచి ఒట్టోమన్లు తీసుకుపోయిన పిల్లవాడు, పెద్దయ్యాక ప్రధాన వజీరు అయ్యాడు. అది ‘క’. వంతెన నిలవడం కోసం ఇద్దరు పసికందుల్ని స్తంభంలో పెట్టి కట్టారన్నది ‘ఊ’. రాళ్ళ సందుల్లోంచి తెల్లటి చారలు కారుతాయి, అవి తల్లి పాలని ఊరివాళ్ళు నమ్ముతారు, గీకి పొడి చేసి పాలు పడని బాలింతలకి అమ్ముతారు. ఈ భాగం చదివినప్పుడు మా ఆదివారం గుంపులో ఎవరూ ఆశ్చర్యపోలేదు. కోణార్క్ గుడి శిఖరం నిలబెట్టి సముద్రంలో దూకిన పన్నెండేళ్ళ ధర్మపదుడి కథ విననివాళ్ళు ఒడిశాలో ఉండరు. పెద్ద కట్టడం ఒక పసి ప్రాణాన్ని అడుగుతుందన్న నమ్మకం అక్కడా ఇక్కడా ఒకటే.

‘ర’ వేసిన చోట్లే తిరిగి చదవాలి. బాక్ నిజం, యాకబ్ డైరీ కల్పన. క్రోస్ అక్కడే ఎందుకు కల్పించాడు? జమీందారు ఉత్తరం దస్తావేజుల్లో మిగిలింది. ఇంట్లో ఉన్న రైతు కుర్రవాడు ఏమనుకున్నాడో ఎవరూ రాసిపెట్టలేదు. కాగితం ఖాళీగా ఉన్నచోట రచయిత కూర్చున్నాడు. నాకు తెలిసి, చిన్న దేశాల చారిత్రక నవల చేసే అసలు పని ఇదే. వాళ్ళ దస్తావేజులు ఎప్పుడూ ఇంకొకరి రాజధానిలో, ఇంకొకరి భాషలో ఉంటాయి. అందులో వాళ్ళ తాతల పేర్లు తప్పుగా రాసి ఉంటాయి, లేదా అసలు ఉండవు. మా పెట్టెలోని మూడు కాగితాలూ పక్కపక్కన పరిచి చూసిన రోజు నాకిది అర్థమైంది. నానమ్మ పేరు ఏది సరైనదో ఏ రికార్డూ చెప్పలేదు. ఆమె చెప్పింది.

లాక్స్‌నెస్ ఈ సంగతినే కథగా మలిచాడు. ఆయన నవలలో అర్నాస్ అర్నేయస్ అనే పండితుడు గుడిసె గుడిసెకీ తిరిగి పాత చర్మపు రాతప్రతులు పోగుచేస్తాడు. ఒక పేద రైతు ఇంట్లో ముసలితల్లి పక్క కింద గడ్డిలో అవి దొరుకుతాయి. అర్నేయస్ వెనక ఉన్న అసలు మనిషి ఆర్నీ మాగ్నుసన్. ఆయన పోగుచేసి కోపెన్‌హాగన్‌లో పెట్టిన పుస్తకాల్లో కొన్ని 1728 అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. మిగిలిన రాతప్రతుల్ని డెన్మార్క్ తిరిగి ఇవ్వడం మొదలైంది 1971లో.

పెద్ద సంఘటనల్ని వదిలి చిన్న మార్పుల్ని చూడండి

రాజు మారాడు, సైన్యం వచ్చింది అన్నవి మనకి గుర్తుండవు, ఉండక్కర్లేదు కూడా. పాలన మారినప్పుడు వీధిలో ఏం మారిందో చూడండి. 1878లో ఆస్ట్రియన్లు బోస్నియాకి వచ్చాక విషెగ్రాడ్‌లో ఇళ్ళకి నంబర్లు వేస్తారు, మనుషుల్ని లెక్కపెడతారు. ఊరి పెద్దలు కూర్చుని ఇదంతా దేనికని మథనపడతారు. తర్వాత సన్నని పట్టాల రైలు వస్తుంది. 1906లో సరయేవో నుంచి ఆ లైను వచ్చాక, మూడు వందల ఏళ్ళకి పైగా తూర్పునీ పడమరనీ కలిపిన వంతెన మీద బిడారులు ఆగిపోతాయి. ఎవరూ దాన్ని కూల్చలేదు, దాని అవసరం తీరిపోయింది.

ఈ అధ్యాయం దగ్గర నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. మన నౌపడా–పర్లాకిమిడి చిన్న రైలు 1900లో మొదలైంది, తర్వాత గుణుపురం దాకా వెళ్ళింది, 2004లో ఆగి పెద్ద లైనైంది. దాని పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు. బోస్నియా లైనుది 760. రెండు మిల్లీమీటర్ల తేడాతో రెండు రైళ్ళు, రెండు చిన్న ఊళ్ళ బతుకుల్లోంచి వెళ్ళాయి.

వరద రాత్రి అధ్యాయం కూడా అంతే. డ్రీనా పొంగితే ముస్లింలు, క్రైస్తవులు, యూదులు మిట్ట మీది ఇళ్ళలో కలిసి కూర్చుని, తెల్లారేదాకా పాత కథలు చెప్పుకుంటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను రాత్రి మా వీధి అంతా ఒక్క డాబా ఇంట్లో ఉన్నాం. కరెంటు లేదు. ఒక ముసలాయన ఒడియాలో, మా పెద్దమ్మ తెలుగులో పాత తుఫానుల గురించి చెబుతూనే ఉన్నారు. ఒకరి భాష ఒకరికి అర్థమవుతుందా అని ఆ రాత్రి ఎవరూ అడగలేదు.

ఒక హెచ్చరిక, మనస్ఫూర్తిగా

వంతెన కడుతున్నప్పుడు పనికి అడ్డుపడిన ఒక రైతుని కొరత వేసే ఘట్టం ఉంది. చాలా నిడివిగా, చాలా దగ్గరనుంచి రాశారు. తట్టుకోలేనివాళ్ళు ఆ పేజీలు దాటేయండి, కథ తెగదు. ఇంట్లో పిల్లలకి చదివి వినిపించేవాళ్ళు ముందే చూసుకోండి.

ఇంకోటి దీనికంటే ముఖ్యం. ఇలాంటి నవలల్ని పాత పగలకి సాక్ష్యంగా వాడుకునేవాళ్ళు ఉంటారు. అదే విషెగ్రాడ్‌లో, అదే వంతెన మీద, 1992 యుద్ధంలో బోస్నియా ముస్లింలని చంపి నదిలోకి తోశారు. కాబట్టి ఒక్క నవలతో ఒక ప్రాంతాన్ని తేల్చేయకండి. అదే నేల నుంచి రెండో గొంతు వినండి. డ్రీనా తర్వాత మెషా సెలిమోవిచ్ 1966లో రాసిన ‘డెత్ అండ్ ద డెర్విష్’ చదవమని నేను గట్టిగా చెబుతాను. ఒట్టోమన్ కాలపు బోస్నియాలో, అన్యాయంగా అరెస్టయిన తమ్ముడి కోసం తిరిగే ఒక ముస్లిం గురువు మనసు లోపలినుంచి వస్తుందది.

కాదరే ఇంకో దారి చూపించాడు. ‘ద సీజ్’లో ఎక్కువ భాగం కోట బయట, ముట్టడించే సైన్యం గుడారాల్లోంచే చూస్తాం. కోటకి నీళ్ళు ఎక్కడినుంచి వెళుతున్నాయో కనిపెట్టడానికి ఒక గుర్రాన్ని దాహంతో మాడ్చి నేలంతా తిప్పుతారు. ఆ గుర్రం ముట్టె నేలకి ఆనించి వెతుకుతుంటే, మనం ఎవరి పక్షమో కాసేపు మరిచిపోతాం.

కలిసి చదవడం, తెలుగులో చెప్పడం

పుస్తకాలు ఇంగ్లీషులో చదివినా, మాట్లాడుకోవడం తెలుగులోనే పెట్టుకోండి. మా గుంపులో నియమం ఒక్కటే: వారానికి ఒకరు, చదివిన అధ్యాయాన్ని పుస్తకం చూడకుండా, చదవనివాళ్ళకి చెప్పినట్టు చెప్పాలి. పది నిమిషాలు. చెప్పలేకపోయిన చోటే అర్థంకాని చోటు. దాన్ని మాత్రం అందరం మళ్ళీ తెరిచి చదువుతాం. మా పిన్ని ఇంగ్లీషు చదవదు, వంటగది గుమ్మంలో కూర్చుని వింటుంది. ఇష్టంలేని పెళ్ళికి ఒప్పుకోలేక, ఊరేగింపు మధ్యలో గుర్రం దిగి వంతెన మీంచి దూకేసిన ఫాటా కథ విన్న రోజు ఆమె అడిగింది: “ఆ పిల్ల నోటితో ఒక్క మాటైనా అందా?”

ఆ ప్రశ్నతో మేము ఆ అధ్యాయం మొత్తం మళ్ళీ చదివాం.

పుస్తకం అయిపోయాక లాంగ్‌బుక్‌లో ఒక పేజీ మిగల్చండి. ఆ వారంలోనే మీ ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని మూడు సంగతులు అడిగి రాయండి. 1936 గురించి వాళ్ళ పెద్దలు ఏమనేవారు, ఇంట్లో ఒడియాలో మొదట చదువుకున్నది ఎవరు, పాత కాగితాల్లో ఎవరి పేరు తప్పుగా పడింది. తేదీ వేయండి, చెప్పినవాళ్ళ పేరు వాళ్ళు పలికినట్టే రాయండి. మా నానమ్మ తన పేరుని ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది, నేను రాసింది చూపించమంది. కళ్ళజోడు పెట్టుకుని వేలితో తడుముతూ చదువుకుంది. చివరి అక్షరానికి దీర్ఘం లేదని దిద్దించింది.